ఫ్లాట్ ఉస్మాన్‌నగర్‌లో, పేరు గచ్చిబౌలిది: శివార్లలో ఇల్లు కొనేముందు పేరుకి ఎంత కడుతున్నామో లెక్కేసుకోవడం ఎలా?

మా తోడల్లుడు ఫ్లాట్ కొన్నది ఉస్మాన్‌నగర్‌లో. సంగారెడ్డి జిల్లా, రామచంద్రాపురం మండలం. గృహప్రవేశం కార్డు మీద మాత్రం ‘గచ్చిబౌలి దగ్గర’ అని వేయించాడు. అది నమ్మి ఖమ్మం నుంచి వచ్చిన మా మేనత్త గచ్చిబౌలి చౌరస్తాలో బస్సు దిగింది. అక్కణ్నుంచి ఆటోకి ఎంత పోసిందో భోజనాలు అయ్యేదాకా అందరికీ చెబుతూనే ఉంది. అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. అంతకు ముందే నేను కూడా అలాంటి పేరు ఒకటి చూసి ఒక వెంచర్‌లో టోకెన్ ఇచ్చి, దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాలుగు నెలలు తిరిగాను.

శివార్లలో ఇంటి ధరలో ఇసుక, సిమెంటు, స్థలంతో పాటు పేరు ఖర్చు కూడా కలిసి ఉంటుంది. అది ఏ కొటేషన్‌లోనూ విడిగా కనిపించదు. దాన్ని విడదీయడానికి నేను నేర్చుకున్న పద్ధతి ఇది. ఉదాహరణలన్నీ హైదరాబాద్ పడమటి వైపువి, ఎందుకంటే నేను తిరిగింది అటే.

1. షెడ్యూల్ పేజీ తెప్పించుకోండి

ఇల్లు చూడ్డానికి వెళ్లకముందే బ్రోకర్‌ని ఒక్కటి అడగండి: "అన్నా, డాక్యుమెంట్‌లో షెడ్యూల్ పేజీ వాట్సాప్ చెయ్యండి." అందులో సర్వే నంబరు, గ్రామం, మండలం, జిల్లా, నాలుగు హద్దులు ఉంటాయి. చట్టం దృష్టిలో మీరు కొంటున్న ఊరు అదే, బ్రోషర్‌లో ఉన్నది కాదు.

ఉదాహరణకి ‘ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్’ అనే రెవెన్యూ గ్రామం లేదు. కాగితాల్లో నానక్‌రామ్‌గూడ, గౌలిదొడ్డి, పుప్పాలగూడ, వట్టినాగులపల్లి అనే పేర్లు కనిపిస్తాయి. హైటెక్ సిటీ కూడా అంతే. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు ఆ ప్రాంగణానికి వచ్చిన పేరది. ఇప్పుడు కొత్తగూడ, కొండాపూర్, ఖానామెట్ వాళ్లంతా తమది హైటెక్ సిటీయే అంటారు. ఇందులో మోసం ఏమీ లేదు, పేర్లు అలాగే పాకుతాయి. కాకపోతే ఎంత దూరం పాకిందో కొనేవాడికి తెలిసుండాలి.

పాత లింక్ డాక్యుమెంట్లలో (ఆ స్థలం అంతకు ముందు చేతులు మారిన కాగితాల్లో) జిల్లా పేరు వేరుగా ఉంటే కంగారు పడకండి. 2016 అక్టోబర్‌లో జిల్లాల విభజన జరిగే దాకా తెల్లాపూర్, కొల్లూరు, అమీన్‌పూర్ మెదక్ జిల్లాలో ఉండేవి. బాచుపల్లి, నిజాంపేట రంగారెడ్డిలో ఉండి తర్వాత మేడ్చల్-మల్కాజిగిరికి వెళ్లాయి. 2025 చివర్లో శివారు మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. అప్పటినుంచి ‘ఇప్పుడు మనదీ సిటీయే సార్’ అనే మాట కూడా ధరలోకి చేరింది. మున్సిపాలిటీ మారినంత మాత్రాన రెవెన్యూ గ్రామం మారదు. జిల్లా, మండలం పేర్లు మారొచ్చు గానీ, సర్వే నంబరు, విస్తీర్ణం మాత్రం ఒక డాక్యుమెంట్ నుంచి ఇంకో డాక్యుమెంట్‌కి పొంతన కుదరాలి.

గ్రామం పేరు తెలిశాక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ గ్రామానికి ప్రభుత్వం కట్టిన మార్కెట్ వాల్యూ చూడండి. తర్వాత బ్రోషర్‌లో పేరు వాడుకున్న ఊరి విలువ కూడా చూడండి. ఈ రెండూ బయట నడిచే ధరలు కావు, బయట ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. అయినా రెండు ఊళ్లను ప్రభుత్వం ఎంత తేడాతో చూస్తోందో అర్థమవుతుంది.

2. ఈసీలో పక్కింటివాడి ధర చదవండి

ఈసీ అంటే అప్పులు, తాకట్లు చూసుకునే కాగితం అనే అందరూ అనుకుంటారు. దాంట్లో ఇంకో ఉపయోగం ఉంది. ప్రతి లావాదేవీ దగ్గర మార్కెట్ విలువ, చెల్లించిన సొమ్ము అని రెండు అంకెలు ఉంటాయి. అదే అపార్ట్‌మెంట్‌లో, అదే సర్వే నంబరులో గత ఏడాదిలో జరిగిన రిజిస్ట్రేషన్లు చూస్తే మీ పక్కింటివాళ్లు కాగితం మీద ఎంతకి కొన్నారో తెలుస్తుంది.

‘కాగితం మీద’ అని ఎందుకన్నానో మీకూ తెలుసు, కట్టినదంతా కాగితంలో రాయించరు. ఓపెన్ ప్లాట్ల విషయంలో ఆ అంకెను పెద్దగా నమ్మలేం. బ్యాంకు లోన్‌తో కొన్న ఫ్లాట్లలో అసలు ధరకి చాలా దగ్గరగా ఉంటుంది. అమ్మేవాడు చదరపు అడుగుకి 9 వేలు చెబుతుంటే, ఆర్నెల్ల కిందట అదే బ్లాక్ 7,500కి రిజిస్టర్ అయినట్టు కనబడితే, మీ బేరం అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.

3. మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్లండి

ఆదివారం సైట్ విజిట్‌కి కారు పంపిస్తారు, టిఫిన్ పెడతారు, రోడ్లు ఖాళీగా ఉంటాయి. ‘పది నిమిషాల్లో గచ్చిబౌలి’ అన్న మాట ఆ రోజుకి నిజమే.

మీరు మాత్రం ఒక మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిదిన్నరకి ఆ ఇంటి గేటు దగ్గర బండి స్టార్ట్ చేసి మీ ఆఫీసు గేటు దాకా వెళ్లండి. సాయంత్రం ఏడింటికి అదే దారిలో వెనక్కి రండి. ఒక వానరోజు కూడా తిరిగితే ఇంకా మంచిది.

ఔటర్ రింగ్ రోడ్డు గురించి ఒక మాట. 158 కిలోమీటర్ల ఔటర్‌లోకి ఎక్కడ పడితే అక్కడ ఎక్కనివ్వరు, ఇంటర్‌ఛేంజ్ దగ్గరే ఎక్కాలి, దిగాలి. బాల్కనీలోంచి ఔటర్ కనిపించే ఫ్లాట్ నుంచి కూడా సర్వీస్ రోడ్డులో కిలోమీటర్ల కొద్దీ వెళ్తేగానీ దాన్ని ఎక్కలేని చోట్లు ఉన్నాయి. అందుకే ఔటర్‌కి ఎంత దూరం అని కాకుండా ఇంటర్‌ఛేంజ్‌కి ఎంత దూరం అని అడగండి. టోల్ కూడా ఉంటుంది, దాన్ని నెలకి 22 రోజులతో గుణించి రాసుకోండి.

4. కవల ఇల్లు వెతకండి

అసలు లెక్క ఇక్కడే ఉంది. మీరు చూసిన ఫ్లాట్‌కి వయసులో, అంతస్తుల్లో, వసతుల్లో దాదాపు సరిపోయే ఇంకో ఫ్లాట్‌ని పేరున్న ఊరి హద్దుకి ఇవతల వెతకండి. బిల్డర్ ఒకడే అయితే మరీ మంచిది. ఈ రెండిటి తేడాయే మీరు పేరుకి కడుతున్న సొమ్ము.

ఊహకి ఒక లెక్క చూద్దాం. రెండూ 1,500 చదరపు అడుగులే అనుకోండి. పేరున్న వైపు అడుగు 9,000 అయితే కోటీ 35 లక్షలు. హద్దుకి ఇవతల 7,200 అయితే కోటీ 8 లక్షలు. తేడా 27 లక్షలు.

ఈ 27 లక్షలు 27 దగ్గరే ఆగవు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. అంటే ఇంకో 2 లక్షల 2 వేలు. కడుతున్న ఫ్లాట్ అయితే జీఎస్టీ 5 శాతం, లక్షా 35 వేలు. ఆ 27 లక్షలనీ ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల లోన్‌గా తీసుకుంటే ఒక్క పేరు మీదే నెలకి 23,400 ఈఎమ్ఐ పడుతుంది. ఇరవై ఏళ్లలో కట్టేది 56 లక్షల పైమాట.

ఇప్పుడు మూడో అడుగులో కొలిచిన టైమ్ తీసుకోండి. హద్దుకి ఇవతల ఇల్లు తీసుకుంటే వెళ్లేటప్పుడు 25 నిమిషాలు, వచ్చేటప్పుడు 25 నిమిషాలు ఎక్కువ పడుతుందనుకుందాం. నెలకి 22 రోజులంటే 18 గంటల చిల్లర. 23,400ని దాంతో భాగిస్తే గంటకి దాదాపు 1,280 రూపాయలు. మీ గంట మీకు అంతకన్నా ఎక్కువైతే, ఆ టైమ్‌ని పిల్లలతో గడపాలనుకుంటే, పేరున్న వైపే కొనండి. అది తెలివైన కొనుగోలే. అదే ఇంటినుంచే పని చేస్తూ వారానికి రెండు రోజులే ఆఫీసుకి వెళ్లేవాళ్లయితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది.

మా తోడల్లుడికి ఈ లెక్క చూపిస్తే "ఆ 27 లక్షలు ఎక్కడికి పోతాయి బావా, ఇంటి విలువలోనే ఉంటాయిగా" అన్నాడు. అసలు ఉంటుంది, నిజమే. కట్టిన వడ్డీ మాత్రం తిరిగి రాదు. పైగా ఆయన కొన్నది ఉస్మాన్‌నగర్‌లో ఉండి గచ్చిబౌలి ధరకి. కొనేటప్పుడు పేరు పాకింది, రేపు అమ్మేటప్పుడు వచ్చే మనిషి కూడా షెడ్యూల్ పేజీ అడిగితే? ఆ ప్రశ్నకి ఆయన కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు.

5. అద్దెలు కనుక్కోండి

రెండు అపార్ట్‌మెంట్లలోనూ వాచ్‌మన్‌ని అద్దెలు అడగండి. బ్రోకర్‌ని అడక్కండి. అద్దెకి వచ్చేవాడు రాబోయే మెట్రోకి గానీ, కట్టబోయే మాల్‌కి గానీ డబ్బు ఇవ్వడు. ఈ నెల నీళ్లు వస్తున్నాయా, ఆఫీసుకి ఎంతసేపు పడుతుంది అనేవాటికే ఇస్తాడు.

పై ఉదాహరణలో పేరున్న ఫ్లాట్‌కి 38 వేలు, ఇవతలి దానికి 33 వేలు అద్దె వస్తుందనుకోండి. ఏడాది అద్దె మొదటిదానికి ధరలో 3.4 శాతం, రెండోదానికి దాదాపు 3.7 శాతం. ధరలో పాతిక శాతం తేడా, అద్దెలో పదిహేను శాతమే తేడా. ఆ మిగిలిన పది శాతం పేరుకీ ఆశకీ పోతోందన్నమాట.

పేరుకి విలువే లేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. తిరిగి అమ్మేటప్పుడు పేరే పని చేస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని విజయవాడలో ఉన్న నాన్న చేత ఫ్లాట్ చూపించుకునేవాళ్లకి తెలిసినవి గచ్చిబౌలి, కొండాపూర్, కోకాపేట లాంటి నాలుగైదు పేర్లే. వెబ్‌సైట్లలో వెతికేటప్పుడు వాళ్లు టైప్ చేసేది కూడా అవే. పెళ్లి సంబంధాల బయోడేటాలో ‘కోకాపేటలో సొంత ఫ్లాట్’ అన్న లైను ఎంత పని చేస్తుందో మా ఇంట్లో ఆడవాళ్లని అడిగితే చెబుతారు. ఐదారేళ్లలో అమ్మేసే ఉద్దేశం ఉంటే పేరుకి కొంత పెట్టొచ్చు. పాతికేళ్లు ఉండబోయే ఇంటికి అంత అవసరం లేదని నా అభిప్రాయం.

6. పాత పేరులో నీళ్లున్నాయేమో చూడండి

వెంచర్‌కి పెట్టిన కౌంటీ, మెడోస్, రివేరా లాంటి పేర్లన్నీ నిన్న మొన్నటివి. ఆ స్థలాన్ని రైతులు ఏమని పిలిచేవారో కనుక్కోండి. కుంట, చెరువు, కత్వ, అలుగు, వాగు లాంటి మాటలు వినబడితే అక్కడ ఆగండి. మన పెద్దవాళ్లు ఊరికే పేర్లు పెట్టలేదు, నీళ్లు నిలిచిన చోటికే కుంట అన్నారు. తమాషా ఏంటంటే, ‘కుంట’ అని ఉన్న కాలనీ పేరు చూసి వెనకాడేవాళ్లే అదే నీటి పక్కన ‘లేక్ వ్యూ’ అని బోర్డు పెడితే గజానికి ఎక్కువిచ్చి కొంటారు.

2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో చెరువుల కింద ఉన్న కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. టోలీచౌకి నదీమ్ కాలనీ వైపు పడవల్లో జనాన్ని తీసుకొచ్చారు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక అమీన్‌పూర్, మల్లంపేట వైపు కట్టడాలు కూల్చారు. వాటిలో కొత్తగా కట్టిన విల్లాలు కూడా ఉన్నాయి. బ్రోషర్‌లో వాటి పేర్లు కూడా అందంగానే ఉండుంటాయి.

చేయాల్సిన పని ఇది. హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు ఆన్‌లైన్‌లో పెట్టింది. మీ సర్వే నంబరు ఏ చెరువు ఎఫ్‌టీఎల్‌లోనైనా (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే మేర), దాని చుట్టూ కట్టకూడని బఫర్ జోన్‌లోనైనా పడుతోందేమో చూడండి. పాతికెకరాలు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత ఆస్తుల జాబితాలో ఆ నంబరు ఉందేమో చూడండి. మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్ వైపు అయితే 111 జీవో సంగతి కూడా అడగాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లను కాపాడటానికి కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో తెచ్చిన ఆ జీవో కింద 84 గ్రామాలున్నాయి. ‘జీవో ఎత్తేశారు సార్’ అన్న మాట విని డబ్బు కట్టకండి. మీ సర్వే నంబరుకి ఇచ్చిన లేఅవుట్ అనుమతి కాగితం చూపించమనండి.

ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లి టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక ముసలాయనని అడగండి: "తాతా, వానాకాలం ఇక్కడ నీళ్లు ఎందాక వచ్చేవి?" ఏ మ్యాపులోనూ దొరకని సమాచారం ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది. నా టోకెన్ వెనక్కి తీసుకోవడానికి కారణం అలాంటి తాతే. మేము ప్లాట్ అనుకుంటున్న చోట ఆయన చిన్నప్పుడు ఈత కొట్టాడట. తర్వాత పహాణీ (రెవెన్యూ రికార్డు) తీయిస్తే అందులో శిఖం, అంటే చెరువు గర్భంలోని భూమి, అని ఉంది.

7. రాబోయే పేరుకి ఇప్పుడే డబ్బు కట్టకండి

శివార్లలో సగం అమ్మకాలు ఇంకా పుట్టని పేర్ల మీదే జరుగుతాయి. 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి ఔటర్ పక్కగా విమానాశ్రయానికి మెట్రోకి శంకుస్థాపన చేశారు. నార్సింగి, కోకాపేట బ్రోషర్లన్నిటి మీదికీ మెట్రో ఎక్కేసింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారి, ఆ మార్గం రద్దయింది. ముచ్చర్ల చుట్టుపక్కల అయితే నిన్నటిదాకా ఫార్మాసిటీ, ఇప్పుడు ఫ్యూచర్ సిటీ. ఇక గుంటూరు, విజయవాడ వాళ్లకి దీని గురించి నేను చెప్పేదేముంది, 2015లో, 2019 చివర్లో, 2024లో తుళ్లూరులో గజం ధర ఎలా లేచి పడి లేచిందో చూసినవాళ్లే.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. మర్నాటి నుంచి చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో ‘కోకాపేటలో వంద కోట్లు, మాది చవక’ అన్న మాటే. లెక్కేస్తే అది గజానికి 2 లక్షల 8 వేలు. కానీ ఆ ఎకరం మీద నలభై, యాభై అంతస్తులు లేస్తాయి. మీ 200 గజాల మీద జీ ప్లస్ టూ కడతారు. ఆ ధరని మీ ప్లాటుకి కొలబద్దగా పెట్టినవాడు మిమ్మల్ని బురిడీ కొట్టిస్తున్నాడు, లేదా తనే బురిడీ అయ్యాడు.

రోడ్డు పడ్డాక, రైలు నడిచాక ధర పెరుగుతుంది, నిజమే. అప్పుడు కొంచెం ఎక్కువ పెట్టి కొనండి. ముందే కొనాలనిపిస్తే, ఆ రోడ్డు రాకపోయినా ఈ ధరకి ఈ ఇల్లు నాకు నచ్చుతుందా అని ఇంట్లోవాళ్లతో కలిసి తేల్చుకోండి.

8. బేరం, అగ్రిమెంటు

బ్రోషర్, వాట్సాప్ మెసేజ్‌లు, హోర్డింగ్ ఫోటో అన్నీ దాచుకోండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలో తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడగొచ్చు, వద్దనుకుంటే కట్టింది వడ్డీతో సహా వెనక్కి అడగొచ్చు. 13వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు ఎనిమిది దాటిన ప్రాజెక్టు అయితే ప్రకటన మీద రెరా నంబరు ఉండాల్సిందే. ‘ప్రీ-లాంచ్ ఆఫర్, నంబరు వచ్చే నెల వస్తుంది’ అంటే, వచ్చే నెలే వస్తామని చెప్పి లేచి వచ్చేయండి.

బేరానికి కూర్చున్నప్పుడు గచ్చిబౌలి ధర గురించి అసలు మాట్లాడొద్దు. మీ చేతిలో ఉన్న షెడ్యూల్ పేజీ, ఈసీలో చూసిన పక్కింటి ధర, హద్దు ఇవతలి కవల ఇంటి ధర, ఈ మూడే బల్ల మీద పెట్టండి. అమ్మేవాడు మళ్లీ మళ్లీ పెద్ద ఊరి పేరెత్తితే, "అయితే అగ్రిమెంటులో గ్రామం దగ్గర ఆ పేరే రాయించండి సార్" అనండి. రాయలేడు, రాస్తే రిజిస్టర్ కాదు. నేను ఇల్లు కొన్న చోట ఈ మాట అన్నాక అడుగుకి మూడు వందలు తగ్గింది. టీ మాత్రం రెండోసారి రాలేదు.